ట్రంకు పెట్టెలో ఊరు

మొన్న మా అమ్మాయి కాలేజీ రికార్డుకి బైండింగ్ చేయించడానికి గవర్నర్‌పేట వెళ్ళాను. స్పైరల్ పనికిరాదు, గట్టి అట్ట వేసి కుట్టించుకు రమ్మని వాళ్ళ మేడమ్ పట్టుబట్టిందట. లాడ్జీలకూ సెల్‌ఫోన్ కవర్ల దుకాణాలకూ మధ్య, రోడ్డు మీద నుంచి రెండు మెట్లు కిందికి దిగాల్సిన ఒక ఇరుకు గదిలో ఇంకా ఆ పని చేసే ముసలాయన ఒకరున్నారని ఎవరో చెబితే వెతుక్కుంటూ పోయాను. గడప దాటగానే వాసన కొట్టింది. మైదాపిండిలో చిటికెడు మైలుతుత్తం వేసి ఉడికించిన జిగురు వాసన. కాస్త పులుపు, కాస్త రాగి చెంబు అడుగున ఉండే కంపు, దాని మీద చెమ్మపట్టి ముక్కిన అట్టల వాసన. చాలామందికి అది పుస్తకాల వాసన. నాకు మాత్రం ఊపిరి బిగబట్టినట్టయింది. రికార్డు ఆయన చేతిలో పెట్టి, ఎప్పుడు రమ్మంటారో కూడా అడక్కుండా బయటికొచ్చి, ఆటోల మధ్య నిలబడి గాలి పీల్చుకున్నాను. నా పదో ఏట తొమ్మిది నెలలపాటు ఏ మంచం దిగకూడదన్నారో ఆ మంచం వాసన అది.

అప్పుడు మేము భవానీపురంలో ఒక మేడ మీద అద్దెకుండేవాళ్ళం. నాన్న పాస్టరు, అమ్మ స్కూల్లో టీచరు. వేసవి సెలవులు అయిపోయి బళ్ళు తెరిచిన వారంలో నాకు గొంతునొప్పి వచ్చి తగ్గింది. తగ్గిన పదిహేను రోజులకి మోకాళ్ళు వాచాయి, తర్వాత మోచేతులు, తర్వాత కూర్చున్నచోటే గుండె పరిగెత్తినవాళ్ళకి కొట్టుకున్నట్టు కొట్టుకోవడం మొదలైంది. డాక్టరుగారు స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విని, ఇది కీళ్ళని నాకి గుండెని కరిచే జ్వరం, గుండె తలుపులు పాడవకుండా ఉండాలంటే ఈ పిల్ల నేల మీద కాలు పెట్టకూడదు అన్నారు. ఆడకూడదు, నడవకూడదు, మెట్లు దిగకూడదు, ఏడవకూడదు కూడా. ఇరవై ఒక్క రోజులకొకసారి నడుము కింద పెన్సిలిన్ ఇంజక్షను, రోజుకి గుప్పెడు మాత్రలు, ఉప్పు తగ్గించిన కూడు. ఎన్నాళ్ళు అని అమ్మ అడిగితే ఆయన కాయితం మీద రాస్తూ, "చూద్దాం అమ్మా" అన్నారు. ఆ రెండు మాటలకీ గడువు లేదని నాకు తర్వాత తెలిసింది.

నా మంచం వెనక గదిలో, కిటికీ పక్కన వేశారు. కిటికీకి నిలువు ఊచలు పదకొండు. ఊచల అవతల రెండు మేడల గోడలు, ఆ గోడల సందులోంచి చీర అంచంత వెడల్పున కృష్ణ. ఆ తొమ్మిది నెలల్లో నేను చూసిన ప్రపంచమంతా ఆ అంచు మీద నేసిందే. వానలు పడి ఎగువ నుంచి వరద వచ్చినప్పుడు ఆ అంచు ఎర్రమట్టి రంగుకి తిరిగేది; బ్యారేజీ గేట్లన్నీ ఎత్తారని వీధి వీధంతా చూడ్డానికి పోతే, వాళ్ళ చెప్పుల చప్పుడు దూరమైపోవడం వింటూ నేను వెల్లకిలా పడుకునేదాన్ని. దసరాకి కొండ మీద మైకు పాటలు, పులిహోర పొట్లాలు పట్టుకుని మెట్లు దిగే జనం గోల; కార్తీకంలో నీళ్ళ మీద చిన్న దీపాలు ఆ సందులోకి ఒక్క క్షణం వచ్చి దాటిపోయేవి. సాయంత్రాలు కింద సందులో పిల్లలు ఏడుపెంకులాట ఆడేవాళ్ళు. బంతి తగిలి పెంకులు కూలిన చప్పుడు, "పేర్చండే, పేర్చండి" అన్న కేకలు వినీ వినీ, ఎవరు గురి చూసి కొట్టారో ఎవరు దొంగాట ఆడారో చూడకుండానే చెప్పగలిగేదాన్ని. మొదట్లో వాళ్ళు కిటికీ కిందికొచ్చి నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు. దసరా నాటికి మానేశారు.

నన్ను కనిపెట్టుకుని ఉండటానికి మా మేనత్త సంతోషమ్మ వచ్చింది. నాన్నకంటే పదేళ్ళు పెద్దది, పెళ్ళి చేసుకోలేదు. ఇరవై ఏళ్ళు దివిసీమ ఊళ్ళల్లో బైబిలు స్త్రీగా పని చేసింది; అంటే భుజాన సంచి, చేతిలో గొడుగు, కాళ్ళకి మోకాళ్ళదాకా బురద, గుడిసె గుడిసెకీ వెళ్ళి ఆడవాళ్ళని చుట్టూ కూర్చోబెట్టుకుని వాక్యం చెప్పడం, పాట నేర్పడం, పురుడొస్తే నీళ్ళు కాచడం. పొడుగాటి మనిషి. తెల్లచీర, మెడలో నల్లదారం, ఆ దారానికి ఒక తాళంచెవి. గొంతు మాత్రం రాజుల కాలపు గొంతు. ఆవిడ సొలోమోను గురించి చెబుతుంటే గదిలోకి ఏనుగులొచ్చి నిలబడినట్టుండేది.

ఆ గొంతుతోనే ఆవిడ నాకు డిటెక్టివ్ నవలలు చదివింది.

నాన్నకి నవలలంటే సరిపడదు. అందులోనూ గుళ్ళల్లో గుప్తనిధులు, మఠాల్లో హత్యలు, శాసనాల్లో శాపాలు ఉండే సీరియళ్ళంటే మరీను. అవి మనసులో చీకటి గదులు కడతాయనేవారు. కానీ ఆ రోజుల్లో వారపత్రికల నిండా అవే. తాళపత్రంలో సగం చిరిగిన శ్లోకం, ఎవరూ తెరవని నేలమాళిగ, ప్రతి తరానికి ఒక్కరికే తెలిసిన రహస్యం. వారం వారం అందరూ ఆత్రంగా చదివి, అయిపోయాక పుటలు కత్తిరించి వరసగా పేర్చి బైండు చేయించుకునేవాళ్ళు. చర్చి పాటల పుస్తకాలు కుట్టే కరీముల్లా సాయిబుగారు గవర్నర్‌పేటలో ఆ బైండింగులూ చేసేవారు. జనం వదిలేసిపోయినవి ఆయన దగ్గర బీరువా నిండా ఉండేవి. శనివారం శనివారం మా అత్త పాటల పుస్తకాలు ఇచ్చిరావడానికి వెళ్ళి, తిరిగొచ్చేటప్పుడు ఒక నవల అడిగి తెచ్చేది. దానికి పాత క్యాలెండరు కాయితంతో అట్ట వేసేది. పైన మంచి కాపరి గొర్రెపిల్లని ఎత్తుకుని ఉండేవాడు, లోపల ఎవడో ఎవర్నో బావిలో తోసేవాడు. అమ్మానాన్నా బళ్ళకీ సంఘం పనులకీ వెళ్ళిపోయాక, మధ్యాహ్నం ఎండ ఊచల నీడల్ని నా దుప్పటి మీద పరిచే వేళకి, అత్త కుర్చీ లాక్కుని, "ఎక్కడాపామే నిన్న?" అనేది. పుస్తకం తెరవగానే తడి ఆరని జిగురు వాసన గది నిండా పరుచుకునేది.

వాటిల్లో నన్ను పట్టుకున్నది 'మఠంలో మూడో గది'. కృష్ణ ఒడ్డున ఒక పాత మఠం. అందులో మూడొందల ఏళ్ళుగా తాళం తియ్యని గది. పీఠాధిపతి చనిపోయే ముందు తాళంచెవి తర్వాతివాడికి ఇస్తాడు గానీ లోపలేముందో చెప్పడు. దగ్గర్లో ఎక్కడో దొరికిన రాగిరేకు చదవబోయిన ఇద్దరు చచ్చిపోతారు. చరిత్ర పాఠాలు చెప్పే ఒక కుర్ర లెక్చరరు దాన్ని ఛేదించాలని వస్తాడు. రెండు సంపుటాలుగా బైండు చేసిన ఆ నవలలో మొదటి సంపుటం చివర ఎవరో అతన్ని ఆ గదిలోకి నెట్టి బయట గడియ వేస్తారు, నదికి వరద వస్తుంది, గోడ పగుళ్ళలోంచి నీళ్ళు కారడం మొదలవుతుంది. అక్కడితో సరి. రెండో సంపుటం వేరేవాళ్ళు తీసుకెళ్ళారట, తెచ్చివ్వగానే ఇస్తానన్నారు సాయిబుగారు. నేను ఆరు వారాలు ఆ లెక్చరరుతోపాటు ఆ గదిలోనే ఉన్నాను. అతను గోడలు తడిమినట్టు నేను నా గది గోడలు కళ్ళతో తడిమాను. పెచ్చులూడిన చోట్లు, బల్లి దారి, ఫ్యాను ఒక రెక్క మీద మసి. తడమటానికి ఇంకేమీ మిగలక, ఒకనాడు నా చూపు అత్త మీద పడింది.

అత్త నా గదిలోనే నేల మీద చాప వేసుకుని పడుకునేది. తలవైపు ఆకుపచ్చ రంగు ట్రంకు పెట్టె. రోజూ తెల్లవారుతుండగా, కింద పాలవాడి సైకిలు బెల్లు వినపడే ముందే లేచి, నావైపు ఒకసారి చూసేది. నేను కళ్ళు మూసుకునేదాన్ని. మెళ్ళో తాళంచెవితో చప్పుడవకుండా పెట్టె తీసి, బట్టల అడుగునుంచి పసుప్పచ్చటి గుడ్డ మూట ఒకటి తీసి, విప్పి, చెంగుతో తుడిచి, కాసేపు చేతుల్లో పెట్టుకుని కూర్చుని, మళ్ళీ చుట్టి లోపల పెట్టేసేది. మొదట నేను పట్టించుకోలేదు. 'మూడో గది' చదివాక, ఇంకేమీ కనిపించలేదు. లెక్కల నోటుబుక్కు చివరి పుటలో ఆధారాలు రాయడం మొదలెట్టాను. తాళంచెవి ఎప్పుడూ మెళ్ళోనే ఉంటుంది. మూట బరువుగా ఉంటుంది. ప్రతి శనివారం ఊళ్ళోకి వెళుతుంది. విగ్రహాలు ఎత్తుకెళ్ళే ముఠా ఒకటి ఉండి ఉండాలి, అందులో సాయిబుగారికీ వాటా ఉండి ఉండాలి. నాకు ఒళ్ళు తుడిచి, అన్నం కలిపి ముద్దలు పెట్టి, బెడ్‌పాన్ ఎత్తిపోసిన మనిషి మీద పదేళ్ళ పిల్ల రాసిన మాటలు అవి.

ఇప్పుడు ఆలోచిస్తే, ఆ ఆటలో కుతూహలం ఒక్కటే లేదు. శనివారాలు ఆవిడ గొడుగు తీసుకుని మెట్లు దిగుతుంటే నాకు ఒళ్ళు మండేది. ఆవిడ వెళ్ళగలదు, నేను వెళ్ళలేను. బస్సు ఎక్కుతుంది, రోడ్డు దాటుతుంది, ఎవరితోనో మాట్లాడుతుంది. వచ్చి నాకు పుస్తకం ఇస్తుంది గానీ ఆ రోడ్డుని ఇవ్వదు. ఆవిడ దగ్గర నాకు తెలియనిది ఒకటుందన్న సంగతి నేను భరించలేకపోయాను.

క్రిస్మస్‌కి వారం ముందు శనివారం. వంటింట్లో అమ్మ అరిసెల పాకం పడుతోంది. బెల్లం, నువ్వుల వాసన మేడంతా నిండిపోయింది. వరండాలో నాన్న రంగు కాయితాల నక్షత్రానికి బద్దలు కడుతున్నారు. రెండో సంపుటం తిరిగొచ్చిందని కబురు రాగానే అత్త గబగబా తలస్నానం చేసి, తడి జుట్టుతోనే బయల్దేరింది. స్నానానికి వెళ్ళేముందు మెళ్ళో దారం తీసి కిటికీ గొళ్ళేనికి తగిలించింది. తొందరలో మర్చిపోయి వెళ్ళిపోయింది.

నేను మంచం దిగాను. ఆరు నెలల తర్వాత నేల మీద పెట్టిన ఆ మొదటి పాదం నాకిప్పటికీ గుర్తు. గచ్చు చల్లదనం మోకాలిదాకా పాకింది. కాళ్ళు నావి కానట్టు వణికాయి. గోడ పట్టుకుని, నేల మీద కూర్చుని జరిగి, పెట్టె తెరిచాను. తెల్లచీరలు, బైబిలు, కర్పూరం ఉండలు, అడుగున మూట. విప్పితే నా అరచేయంత నల్లరాయి. ముక్కూ మొహమూ అరిగిపోయి, రెండు కళ్ళ గుంటలు మాత్రం మిగిలిన అమ్మవారు. నవలలో పుటలు అబద్ధం చెప్పలేదనిపించింది. రాయి చేతిలో ఉండగానే ముందుగదిలో మాటలు వినపడ్డాయి. పెట్టె మూసి, ఎలా పాకానో ఎలా ఎక్కానో తెలియదు, మంచం మీద పడి రాయిని దిండు కింద దోపాను. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది.

వచ్చినవాళ్ళు సంఘం కార్యదర్శిగారు, మరి నలుగురు పెద్దలు. పండగ ముందు జబ్బుపడ్డవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి ప్రార్థన చేసే ఆనవాయితీ. నాన్న వాళ్ళని నా గదిలోకి తీసుకొచ్చారు. అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. మంచం చుట్టూ మనుషులు. ఆరు నెలలుగా ఎవరూ రాని గదిలో ఇంతమంది, అందరి చూపూ నా మీదే. నవలల్లో డిటెక్టివు అందర్నీ ఒక హాల్లో సమావేశపరిచే ఘట్టం నాకు కంఠతా వచ్చు. ప్రార్థన అయి ఆమేన్ అనగానే అన్నాను.

"నాన్నా, మనింట్లో ఒక రహస్యం ఉంది. నేను కనిపెట్టాను."

అందరూ నవ్వారు. కార్యదర్శిగారు నా మీదికి వంగి, "ఏంటమ్మా ఆ రహస్యం? మాక్కూడా చెప్పు మరి" అన్నారు.

దిండు కింద నుంచి తీసి చూపించాను. చప్పట్లు కొడతారనుకున్నాను కాబోలు. ఆయన మొహంలో నవ్వు సగంలో ఆగిపోయింది.

"ఇదెవరిది?"

"అత్తది. పెట్టెలో దాచుకుంది. రోజూ తెల్లారగట్ట తీసి తుడుస్తుంది."

ఆ మాట నా నోట్లో ఉండగానే అత్త మెట్లెక్కి వచ్చింది. చంకలో క్యాలెండరు కాయితం చుట్టిన పుస్తకం. తాళంచెవి మర్చిపోయానని తిరిగొచ్చే దారిలో గుర్తొచ్చి ఉంటుంది, ఆయాసపడుతోంది. నా చేతిలో రాయిని చూసింది, గొళ్ళేనికి దారం లేకపోవడం చూసింది, నన్ను చూసింది. కోపం లేదు ఆ చూపులో. కోపం ఉన్నా బాగుండేది.

"నాదేనండీ" అంది.

"మీదంటే ఏంటండీ? ఇరవయ్యేళ్ళు ఊరూరా తిరిగి వాక్యం చెప్పిన మనిషి మీరు. పాస్టరుగారి ఇంట్లో, మీ పెట్టెలో, ఇదేంటండీ?"

"మొక్కుతానని ఎవరన్నారండీ? తుడుస్తాను. దుమ్ము పడుద్ది గదా."

ఎవరూ నవ్వలేదు. కార్యదర్శిగారు నాన్న వైపు తిరిగి, మెల్లగానే, "పండక్కి ముందే దీని సంగతేదో తేల్చండి పాస్టరుగారూ. లేకపోతే నేను సంఘంలో పెట్టక తప్పదు" అన్నారు. అమ్మ పళ్ళెంలో పెట్టి తెచ్చిన అరిసెలు ముట్టుకోకుండా వెళ్ళిపోయారు.

వాళ్ళు వెళ్ళాక నాన్న కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డారు. "ఎక్కడిదక్కా ఇది?" అన్నారు.

"మనూరి పొలిమేరలో ఈతచెట్ల కింద ఉండేది, గుర్తులేదా? ఉప్పెన తీశాక అమ్మ చూట్టానికి పోయింది గదా. నువ్వప్పుడు బైబిలు బళ్ళో ఉన్నావు. ఇల్లు లేదు, నాన్న లేడు, చర్చి లేదు, బావి ఎక్కడుండేదో తెలీలా అమ్మకి. బురదలో కాలికి తగిలిందంట. ఒళ్ళో పెట్టుకుని నడిచొచ్చింది. మన దేవుడు కాదులేవే, మన ఊరిది అంది. ఊరోళ్ళెవరన్నా కనపడితే ఇచ్చెయ్యమంది. నీకు చెప్పొద్దంది. పాస్టరువి, ఇబ్బంది పడతావని."

తాతయ్య ఉప్పెనలో పోయాడని నాకు తెలుసు గానీ, ఊరు ఊరంతా పోయిందని, ఆ ఊరిలో మిగిలిందల్లా నా దుప్పటి మీద ఉందని అప్పుడే తెలిసింది.

"రేపు పొద్దున్నే బ్యారేజీ మీద నుంచి వదిలేద్దామక్కా. నేనూ వస్తాను."

"నీళ్ళలోంచి తెచ్చింది తమ్ముడూ అమ్మ. మళ్ళీ నీళ్ళలో వెయ్యమంటావా?"

"నాకింకో దారి లేదక్కా."

"నాకుందిలే" అంది అత్త. వచ్చి నా దుప్పటి మీద రాయి తీసుకుని, గుడ్డలో చుట్టింది.

మర్నాడు తెల్లవారుతుండగా ఆవిడ పెట్టె సర్దిన చప్పుడు విన్నాను. మైలవరంలో ఆడపిల్లల హాస్టలు ఒకటుంది, అక్కడ వంటకి మనిషి కావాలని ఎప్పటినుంచో అడుగుతున్నారు. నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. రోజూ మూసుకున్నట్టే ఆ రోజూ కళ్ళు మూసుకున్నాను. "జొరం లేదులే. మాత్రలు మానమాక" అంది, నిద్రపోతున్న పిల్లతో అన్నట్టు కాదు. స్టూలు మీద ఏదో పెట్టింది. మెట్ల మీద పెట్టె అంచు తగులుతూ దిగిపోయిన చప్పుడు ఆఖరి మెట్టుదాకా విన్నాను. కళ్ళు తెరిస్తే, స్టూలు మీద రెండో సంపుటం.

అమ్మ ఒకే ఒక్కసారి అంది: "నోరు మూసుకుని ఉండలేకపోయావుటే?" తర్వాత ఆ ఊసు ఎత్తలేదు. పెట్టె దాకా ఎలా వెళ్ళావని మాత్రం ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు. జనవరిలో డాక్టరుగారు గుండె విని, శబ్దం కొంచెం పెరిగింది, ఇంకో మూడు నెలలు అన్నప్పుడు ఎందుకు పెరిగిందో నాకొక్కదానికే తెలుసనుకున్నాను. నిజానికి ఆ నాలుగడుగుల వల్ల పెరిగిందో లేదో ఇప్పటికీ తెలియదు. అప్పుడు మాత్రం అది శిక్ష అని నమ్మాను.

ఆ మూడు నెలలు ముందు ఆరు నెలల్లాంటివి కావు. అంతకుముందు గదిలో ఇరుక్కున్నది నా ఒళ్ళు మాత్రమే. మధ్యాహ్నం ఊచల నీడలు దుప్పటి మీద పడే వేళకి కుర్చీ ఖాళీగా ఉండేది. నేల మీద చాప పరిచినంతమేర గచ్చు నునుపుగా కనపడేది. బళ్ళో పని మానలేక అమ్మ మధ్యాహ్నం పరిగెత్తుకుని వచ్చి అన్నం పెట్టి పరిగెత్తేది. పుస్తకం స్టూలు మీదే ఉంది. తెరవలేదు. దాని మీది గొర్రెపిల్ల నన్నే చూస్తున్నట్టుంటే గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. కార్యదర్శిగారు విషయం సంఘంలో పెట్టలేదు, అక్కగారు వెళ్ళిపోయారు గదా అన్నారట. నాన్న ఉద్యోగం నిలిచింది. ఆదివారాలు ఆయన ప్రసంగాలు పొట్టివైపోయాయని అమ్మ ఎవరితోనో అంటుంటే విన్నాను.

మామిడి పూత గాలి వస్తున్న రోజుల్లో ఒక సాయంత్రం నాన్న నా గదిలోకొచ్చి, అత్త కుర్చీలో కూర్చుని, ఆ పుస్తకం చేతిలోకి తీసుకున్నారు. క్యాలెండరు అట్ట విప్పి పేరు చదివారు. తిడతారనుకున్నాను. గొంతు సవరించుకుని మొదటి పుట చదవడం మొదలెట్టారు. ప్రసంగం గొంతు, డిటెక్టివ్ నవలకి ఏమాత్రం నప్పని గొంతు. హత్య దగ్గర తడబడ్డారు, బూతుమాట వస్తే దాటేశారు. లెక్చరరు పైకప్పు రాయి కదిపి బయటపడ్డాడు. అలా పది పన్నెండు సాయంత్రాలు చదివారు. ఎందుకు చదువుతున్నారని నేనడగలేదు. ఇద్దరం ఎవరో మూడో మనిషి కోసం కూర్చున్నట్టు కూర్చునేవాళ్ళం. చివరికి లెక్చరరు మఠం మండపంలో అందర్నీ సమావేశపరిచాడు. "ఇన్నేళ్ళుగా ఈ రహస్యాన్ని దాచిన మనిషి ఇప్పుడు మన మధ్యనే ఉన్నారు" అన్న వాక్యం దగ్గర నాన్న గొంతు ఆగిపోయింది. నేను చెయ్యి చాపి పుస్తకం మూసేశాను. ఆ గదిలో ఏముందో మాకు తెలియలేదు. కొన్నాళ్ళకి నాన్నే తీసుకెళ్ళి సాయిబుగారికి ఇచ్చేసి వచ్చారు.

మార్చి చివర నన్ను దించారు. నడక మళ్ళీ నేర్చుకోవాల్సొచ్చింది. సందులోకి వెళ్ళేసరికి ఏడుపెంకులాట పాతబడిపోయి అందరూ క్రికెట్టుకి మళ్ళారు.

ఇంటర్ మొదటి సంవత్సరంలో, ఇంట్లో చెప్పకుండా, మొదటిసారి ఒంటరిగా బస్సెక్కి మైలవరం వెళ్ళాను. దారి పొడుగునా చెప్పాల్సిన మాట ఒకటే పెదాల మీద కూడబలుక్కుంటున్నాను: తప్పయింది అత్తా. హాస్టలు వంటింట్లో ఆవిడ చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూసి లేచి, మొదట నా చీలమండలు వత్తి చూసింది, నీరు పట్టిందేమోనని. తర్వాత అన్నం పెట్టింది. రాయి సంగతి నేనడక్కుండానే చెప్పింది. ఊరు పోగా మిగిలినవాళ్ళకి ఎక్కడో ఎగువన కాలనీ కట్టించారని హాస్టల్లో ఒక పిల్ల వాళ్ళమ్మ చెబితే, ఆ మూట ఒళ్ళో పెట్టుకుని రెండు బస్సులు మారి వెళ్ళి ఇచ్చేసి వచ్చిందట.

"ఏ ఊరమ్మా మీది అనడిగారే. మీ ఊరే అన్నాను. ఒక ముసలామె నా మొహం పట్టుకుని చూసి, మా నాన్న పేరు చెప్పింది" అంది. నా కంచంలో పెరుగు వేస్తూ, "నువ్వు తీసి చూపించబట్టే గదే. లేకపోతే నాతోపాటు పెట్టెలోనే ఉండిపోయేది" అంది.

నా కోసం అందని తెలుసు. ఆ మాట అనేసి నేను అనాల్సిన మాటకి అడ్డం వచ్చిందని కూడా అనిపించింది. బస్టాండుకి వచ్చి నన్ను ఎక్కించింది. కిటికీ దగ్గర నిలబడి, ఇంజక్షన్లు ఎన్నాళ్ళు వెయ్యాలన్నారు, మెట్లెక్కితే ఆయాసం వస్తోందా అని అడుగుతూనే ఉంది. బస్సు కదిలింది. నా నోట్లో మాట నోట్లోనే ఉంది.

ఇంటికొచ్చాక ఎలా తెలిసిందో, నాన్న ఒక్కటే అడిగారు: "అక్క బాగుందా?" బాగుందన్నాను. ఆయన ఎప్పుడూ వెళ్ళలేదు, ఆవిడ రాలేదు. నాన్న పోయినప్పుడు మాత్రం వచ్చి, సమాధి దగ్గర అందరికంటే వెనక నిలబడి, ఆ పాత గొంతుతో పాట ఎత్తుకుంది. కార్యదర్శిగారు కూడా తలొంచుకున్నారు. మట్టి వేసి వెళ్ళిపోతూ, ఎవరితోనూ కాకుండా, "పాపం, మా తమ్ముడు ఎటూ కదల్లేకపోయాడు" అంది.

ఇప్పుడు ఆ మేడ లేదు. అక్కడ నాలుగంతస్తుల అపార్టుమెంటు లేచింది. ఆ సందులోంచి కృష్ణ కనపడే చోటు పార్కింగు గోడ అయింది. సీరియళ్ళు వేసే వారపత్రికలు ఒక్కొక్కటే ఆగిపోయాయి, అద్దె పుస్తకాల షాపులు మూతపడ్డాయి, కరీముల్లా సాయిబుగారి దుకాణం ఉన్నచోట ఫోన్లు బాగుచేస్తున్నారు. మా అమ్మాయి ఫోన్లో గుడి నేలమాళిగల కథలు వింటుంది. చివరికేమైందో చెప్పబోతే చెప్పొద్దంటాను, సస్పెన్స్ పోతుందని కాబోలు అనుకుంటుంది. అత్త మూడేళ్ళ కిందట మైలవరంలోనే పోయింది. హాస్టలు పిల్లలు మోశారు.

ఆదివారం ఆదివారం చర్చిలో అందరం లేచి నిలబడి, మేము తప్పు చేశామని ఒక్క గొంతుతో ఒప్పుకుంటాం. నా పక్కన ఎవరెవరో ఉంటారు, అందరి గొంతులూ కలిసిపోతాయి, అందరం కూర్చుంటాం. ఆ మాట ఒక్కదాన్నే, ఒక్కరి ఎదుటే అనాల్సింది. ఇప్పుడు అనడానికి నాకు ధైర్యముంది, వినడానికి ఆవిడ లేదు.